స్క్రీన్ నల్లగా ఉందంటే మదర్‌బోర్డ్ పోయినట్టేనా?

"అన్నా, లైట్ వస్తుంది, ఫ్యాన్ తిరుగుతుంది, బొమ్మ మాత్రం వస్తలేదు."

పోయిన వానాకాలం మా పిన్ని కూతురు ఫోన్ చేసి చెప్పిన మాట ఇది. డిగ్రీ ఫైనలియర్ చదువుతోంది. ప్రాజెక్ట్ రిపోర్ట్ ఇవ్వడానికి ఇంకా 4 రోజులే ఉంది. వాళ్లది కర్ణాటక బార్డర్ పక్కనే ఉన్న చిరాగ్‌పల్లి. అప్పటికే జహీరాబాద్‌లో ఒక షాపుకు తీసుకెళ్లింది. పవర్ బటన్ రెండుసార్లు నొక్కి చూసి, "బోర్డు పోయిందమ్మా, 18 వేలు అయితది" అన్నారట. అది 4 ఏళ్ల ల్యాప్‌టాప్. అమ్మినా అంత రాదు!

వీకెండ్‌కి నేను ఊరెళ్లి చూశాను. బోర్డు బాగానే ఉంది. ర్యామ్ స్టిక్ తీసి, శుభ్రం చేసి, మళ్లీ గట్టిగా పెడితే డిస్‌ప్లే వచ్చేసింది. ఖర్చు సున్నా.

నేనేదో పెద్ద హార్డ్‌వేర్ ఎక్స్‌పర్ట్‌ని కాదు, రోజూ కోడ్ రాసుకునేవాడిని. కానీ కోడింగ్‌లో ఒక అలవాటు ఉంటుంది. ఎర్రర్ రాగానే మొత్తం ప్రాజెక్ట్ డిలీట్ చేయం, తప్పు ఎక్కడుందో ఒక్కో ముక్కా వేరు చేసి చూస్తాం. ల్యాప్‌టాప్ విషయంలోనూ అదే చేయాలన్నది నా అభిప్రాయం. "స్క్రీన్ నల్లగా ఉంది" అనేది లక్షణం మాత్రమే. జ్వరం లాంటిది. కారణం వేరే ఉంటుంది.

ముందు బతికుందో లేదో చూడండి

చార్జర్ తీసేసి, పవర్ బటన్ 30 సెకన్లు నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన కరెంట్ పోతుంది. మళ్లీ చార్జర్ పెట్టి ఆన్ చేయండి. ఈ ఒక్క స్టెప్‌తోనే కొన్ని మామూలైపోతాయి.

రాలేదా? రెండు నిమిషాలు ఆగి క్యాప్స్ లాక్ నొక్కండి. దాని లైట్ వెలిగి ఆరుతుంటే సిస్టమ్ లోపల నడుస్తున్నట్టే, సమస్య ఎక్కువగా డిస్‌ప్లే వైపే. అప్పుడు విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవర్ రీసెట్ అవుతుంది. కొన్నిసార్లు ఇంతే చాలు.

టార్చ్, టీవీ: ఇంట్లో ఉన్న టెస్టింగ్ కిట్

గదిలో లైట్ ఆపేసి, ఫోన్ టార్చ్‌ని స్క్రీన్ మీద ఏటవాలుగా కొట్టండి. మసక మసకగా ఐకాన్లు కనిపిస్తే బొమ్మ వస్తోంది, వెనక వెలుగు లేదు. అంటే బ్యాక్‌లైట్ సమస్య.

తర్వాత హెచ్‌డిఎంఐ కేబుల్‌తో టీవీకి కలపండి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో విండోస్ లోడ్ అయ్యాకే టీవీలో వస్తుంది కాబట్టి కాస్త ఓపిక పట్టండి. టీవీలో వచ్చిందంటే బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ పని చేస్తున్నాయి. పోయింది ప్యానెల్ లేదా దాని కేబుల్. మూత కదిపినప్పుడు స్క్రీన్ వచ్చిపోతుంటే అనుమానం నేరుగా హింజ్ దగ్గరి కేబుల్ మీదే.

ఆ కేబుల్‌ని తక్కువ అంచనా వేయకండి. 2016లో వచ్చిన 13 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోలో కొన్నిటికి బ్యాక్‌లైట్ సమస్య వస్తే, యాపిల్ 2019 మేలో ఉచిత సర్వీస్ ప్రోగ్రాం పెట్టాల్సి వచ్చింది. మూత తెరిచి మూసినప్పుడల్లా వంగే సన్నటి కేబులే దానికి కారణమని రిపేర్ నిపుణులు అప్పుడే చెప్పారు.

డెల్ వాడేవాళ్లకు ఇంకో సౌకర్యం ఉంది. డి కీ నొక్కి పట్టుకుని పవర్ ఆన్ చేస్తే, సపోర్ట్ ఉన్న మోడళ్లలో స్క్రీన్ మీద రంగులు వరసగా వస్తాయి. అవి సరిగ్గా కనిపిస్తే ప్యానెల్ బాగున్నట్టే.

ఏదీ రాకపోతే

టీవీలోనూ ఏమీ రాలేదు, క్యాప్స్ లాక్ కూడా స్పందించట్లేదు. మా చెల్లెలి ల్యాప్‌టాప్ ఇదే కేసు. అప్పుడు కూడా బోర్డు కంటే ముందు అనుమానించాల్సింది ర్యామ్‌ని. చార్జర్ పీకి, లోపల బ్యాటరీ కనెక్టర్ తీసి, ఆ తర్వాతే ర్యామ్ ముట్టుకోండి. రెండు స్టిక్‌లుంటే ఒక్కోటి పెట్టి చూడండి. లైట్ ఎన్నిసార్లు బ్లింక్ అవుతోందో లెక్కపెట్టండి. కంపెనీ సపోర్ట్ పేజీలో ఆ లెక్కకు అర్థం ఉంటుంది. వారంటీ ఉంటే మాత్రం స్క్రూడ్రైవర్ పట్టొద్దు, సర్వీస్ సెంటర్‌కే ఇవ్వండి.

ఇంకో ముఖ్యమైన మాట. స్క్రీన్ పోతే డేటా పోదు. అది ఎస్‌ఎస్‌డిలో భద్రంగా ఉంటుంది. "ఫార్మాట్ చేస్తే వస్తది" అంటే ఒప్పుకోకండి. చాలా విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెటప్ చేయగానే ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అవుతుంది. మదర్‌బోర్డ్ మారిస్తే రికవరీ కీ అడుగుతుంది. అది మీ అకౌంట్‌లో ఉందో లేదో ఈరోజే చూసుకోండి.

తప్పు షాపులది మాత్రమేనా?

కాదు. రోజుకు పది మెషిన్లు చూసే మెకానిక్‌కి ఒక్కోదాని మీద గంట కూర్చునే తీరిక ఉండదు. అరిగిన చోట చిన్న రిపేర్ చేస్తే మళ్లీ తిరిగొస్తుందన్న భయం కూడా ఉంటుంది. బోర్డు మార్చేస్తే ఆయనకు రిస్క్ తక్కువ. ఆ రిస్క్ ధర మాత్రం మనం కడుతున్నాం. అందుకే "టీవీకి పెట్టి చూశారా? ర్యామ్ మార్చి చూశారా?" అని అడగండి. ఈ రెండు ప్రశ్నలకు జవాబు లేకపోతే ఇంకో షాపుకు వెళ్లండి.

అసలు తప్పులో మనకూ వాటా ఉంది. నేనే ఎంతమంది ఫ్రెండ్స్‌కి "సన్నగా ఉంది, తీసుకోరా" అని సలహా ఇచ్చానో! నా సొంత ల్యాప్‌టాప్‌లో ర్యామ్ బోర్డుకే సోల్డర్ చేసి ఉంటుంది. చెల్లెలికి వచ్చిన సమస్యే నాకొస్తే రబ్బరు ముక్కతో పని జరగదు, నిజంగానే బోర్డు మార్చాలి. రివ్యూల్లో నిట్స్, రిఫ్రెష్ రేట్ గురించి పేరాలు పేరాలు రాస్తాం. వెనక మూత ఎన్ని స్క్రూలతో వస్తుందో, ర్యామ్ స్లాట్ ఉందో లేదో ఒక్క లైన్ కూడా రాయం.

ఫ్రాన్స్‌లో 2021 జనవరి నుంచి ల్యాప్‌టాప్ అమ్మేటప్పుడు రిపేర్ ఎంత సులువో 10కి స్కోరు చూపించాలి. మన దగ్గర 2022 డిసెంబర్ 24న కేంద్ర వినియోగదారుల శాఖ రైట్ టు రిపేర్ పోర్టల్ మొదలుపెట్టింది. మంచిదే. కానీ బాక్స్ మీద స్కోరు కనిపించే రోజు వస్తేనే కొనేవాడికి అసలు ఉపయోగం. హైదరాబాద్‌లో ఉండేవాళ్లకు ఇది చిన్న విషయం అనిపించొచ్చు. సర్వీస్ సెంటర్ కోసం 100 కిలోమీటర్లు బస్సులో పోవాల్సిన వాళ్లకు మాత్రం ప్రాసెసర్ కంటే ముందు చూడాల్సిన స్పెక్ ఇదే.

చెల్లెలు రిపోర్ట్ టైమ్‌కే ఇచ్చింది. ఆ 18 వేలు పిన్ని దగ్గరే ఉన్నాయి. నేను ఇకపై రాసే ప్రతి ల్యాప్‌టాప్ రివ్యూలో వెనక మూత తీసి చూపిస్తాను. తీయడం కుదరకపోతే, కుదరలేదనే రాస్తాను.