సౌందర్య తైలానికి సాక్ష్యం ఏది?

ఇటీవల ఒక తల్లి, వివాహం నిశ్చయమైన తన కుమార్తెను వెంటబెట్టుకొని మా వైద్యశాలకు వచ్చారు. ఆమె చేతిలో చిన్న సీసా ఉన్నది. "అయ్యా, ఇది శాస్త్రంలో చెప్పిన కుంకుమాది తైలమట. మూడు వారాలు పూస్తే రంగు వస్తుందని పెట్టె మీద వ్రాశారు. అమ్మాయికి వాడవచ్చునా?" అని అడిగారు. పెట్టె మీద జటాధారియైన ఋషి చిత్రం ఉన్నది. "దీనిని ఎందరికి పూసి చూశారో వ్రాశారా అమ్మా?" అని నేను అడిగితే ఆమె ఆశ్చర్యపోయి, "ఋషులు చెప్పినదానికి పరీక్ష ఎందుకండీ?" అన్నారు.

ఈ మాట గృహిణులే కాదు, మా వైద్యులలో కొందరు కూడా అంటున్నారు. ఇది ఆయుర్వేద సిద్ధాంతానికే విరుద్ధమని నా అభిప్రాయం. చరకసంహిత సూత్రస్థానం 11వ అధ్యాయంలో సత్యాసత్య నిర్ణయానికి నాలుగు విధాల పరీక్ష చెప్పబడినది. అవి ఆప్తోపదేశం, ప్రత్యక్షం, అనుమానం, యుక్తి. ఋషివాక్యం వీటిలో మొదటిది మాత్రమే. తక్కిన మూడింటిని విడిచి, మొదటిదానినే పెట్టె మీద అచ్చు వేసుకోవడం శాస్త్రాన్ని గౌరవించడం కాదు.

ఆ మొదటిదానినే తీసుకుందాం. కుంకుమాది తైలం వాగ్భటుని అష్టాంగహృదయం ఉత్తరస్థానంలో, మంగు మొదలైన క్షుద్రరోగాల చికిత్సలో చెప్పబడినది. ఇక్కడ కుంకుమ అంటే నుదుట ధరించేది కాదు, కుంకుమపువ్వు. దాని ధర కిలో లక్షల రూపాయలలో ఉంటుంది. మంజిష్ఠ, లక్క, అతిమధురం, చందనం మున్నగు ద్రవ్యాలతో, మేకపాలు చేర్చి, నువ్వుల నూనెలో వండవలసిన తైలమది. కుంకుమపువ్వుకు బదులు రంగును, నువ్వుల నూనెకు బదులు ఖనిజ తైలాన్ని వాడితే పేరు మాత్రమే మిగులుతుంది. వాగ్భటుని మాట ఆ సీసాకు వర్తించదు.

మన చట్టం కూడా ఈ భేదాన్ని గుర్తించినది. 1940 నాటి ఔషధ, సౌందర్య సాధనాల చట్టంలో గ్రంథోక్త యోగాలు వేరు, ప్రొప్రయిటరీ ఔషధాలు వేరు. రెండవ తరగతిలో ద్రవ్యాలు గ్రంథాలలోవే గాని, కూర్పు తయారీదారు సొంతం. కూర్పు సొంతమైనప్పుడు సాక్ష్యం కూడా సొంతంగానే చూపాలి కదా!

"మేము కళ్ళతో చూశాం, రంగు వచ్చింది" అని చెప్పేవారున్నారు. కంటికి కనిపించినది ఒక్కటే చాలదు. కేరళలోని కొట్టక్కల్‌లో 2021-2023 మధ్య వైద్యులు ఒక మూత్రపిండ వ్యాధికి గురైన 22 మందిని పరిశీలించారు. వారిలో 15 మందికి ఆ వ్యాధిలోనే అరుదైన రకం కనిపించినది. ఆ 15 మందిలో 13 మంది ముఖం తెల్లబడడానికి క్రీములు పూసుకున్నవారే. ఆ క్రీములలో దోషి పాదరసం. చర్మానికి వర్ణమిచ్చే పదార్థం తయారు కాకుండా అది అడ్డుకుంటుంది. కనుక ముఖం నిజంగానే తెల్లబడుతుంది. లోపల మూత్రపిండాలు చెడుతాయి. పాదరసపు విషగుణం రసశాస్త్రం చదివిన మాకు తెలియనిది కాదు. 2020 నాటి నియమాల ప్రకారం, కంటికి వాడేవి తప్ప తక్కిన సౌందర్య సాధనాలలో పొరపాటున చేరిన పాదరసం కూడా పది లక్షల భాగాలలో ఒక భాగాన్ని మించరాదు.

కనిపించిన ఫలితానికి కారణమేదో నిర్ణయించడానికే అనుమానం, యుక్తి. 2024 డిసెంబరులో ఢిల్లీలోని ఒక జిల్లా వినియోగదారుల కమిషన్, పురుషుల ఫెయిర్‌నెస్ క్రీము ఒకదాని ప్రకటన తప్పుదారి పట్టించేదిగా ఉన్నదని తేల్చి, తయారీ సంస్థ 14.5 లక్షల రూపాయలు చెల్లించాలని ఆదేశించినది. ఫలితానికి పుష్టికరమైన ఆహారం, వ్యాయామం కూడా అవసరమని సంస్థ వాదించినది. ఆ నియమాలు పెట్టె మీద లేవు! అవన్నీ పాటిస్తే వచ్చే కాంతిలో క్రీము వాటా ఎంత?

మా గురువుగారు కొత్తగా వండిన తైలాన్ని ఒక చెంపకు, వట్టి నువ్వుల నూనెను రెండవ చెంపకు పూయించేవారు. ఏ చెంపకు ఏది పూశారో తెలియని శిష్యుని పిలిచి, పగటి వెలుగులో భేదం చెప్పమనేవారు. భేదం కనిపించకపోతే ఆ పాకాన్ని పక్కన పెట్టేవారు.

పరీక్షలకు చిన్న వైద్యశాలలు ధనం ఎక్కడ తెస్తాయని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కాని కొన్ని పదుల మందికి, ఒకే వెలుగులో, రెండు చెంపలకు వేర్వేరుగా పూసి ఫలితం వ్రాసిపెట్టడానికి కోట్లు అక్కరలేదు. అది కూడా చేయలేనివారు "చర్మం మృదువుగా ఉంటుంది" అనడంతో తృప్తి పడాలి. మాట ఎంత పెద్దదో సాక్ష్యం అంత గట్టిది కావాలి.

పాఠకులు కొన్ని జాగ్రత్తలు పాటించాలి. తయారీదారు చిరునామా, లైసెన్సు సంఖ్య లేని క్రీమును ముట్టవద్దు. కొత్తదానిని ముందు ముంజేతి లోపలివైపు కొద్దిగా పూసి రెండు రోజులు చూడండి. దురద, ఎరుపు వస్తే మానివేయండి. "ఎందరిపై పరీక్షించారు?" అని తయారీదారుకు ఒక ఉత్తరం వ్రాయండి. పదిమంది అడిగితే పదకొండవ పెట్టె మీద సమాధానం అచ్చవుతుంది.

ఆ తల్లికి సీసా తిరిగి ఇచ్చి, "అమ్మాయి వర్ణం ఆమె ప్రకృతి, అది రోగం కాదు. రోగం లేనిచోట మందు ఎందుకమ్మా?" అన్నాను. ఆమె కంటే ముందు ఆ అమ్మాయి నవ్వినది.