అద్భుతాల ఊట తవ్విన అమ్మాయికి జబ్బు తగ్గలేదు

ఏటా ఫిబ్రవరిలో విజయవాడ గుణదల కొండ మెట్లు జనంతో నిండిపోతాయి. చేతిలో కొవ్వొత్తి, చంకలో జబ్బుపడ్డ బిడ్డతో ఓ తల్లి మెట్లెక్కుతుంది. ఆ తల్లి నమ్మకాన్ని చులకన చేసే హక్కు ఎవరికీ లేదు.

అయితే ఆ కొండ మీద కొలువైన లూర్దు మాత కథనే మరికాస్త వినాలి. 1858లో ఫ్రాన్స్‌లోని లూర్దులో తనకు మరియమాత దర్శనమైందని చెప్పిన బెర్నాడెట్ చిన్ననాటి నుంచీ ఉబ్బసంతో బాధపడింది. తర్వాత నెవేర్ మఠంలో చేరింది. ఎముకల క్షయతో మోకాలు వాచి, మంచానపడి, 1879లో 35 ఏళ్లకే కన్నుమూసింది. ఆమె చేత్తో మట్టి తవ్వితే పుట్టిన ఊట నీటితో ఎందరికో నయమైందన్నారు. ఆమెకు కాలేదు. విశ్వాసం మాత్రం సడలలేదు.

లూర్దులో స్వస్థత పొందామంటూ నమోదైనవారు 7,000 పైచిలుకు. వైద్యుల పరిశీలన తర్వాత చర్చి అద్భుతాలుగా ఒప్పుకున్నవి 70 పైచిలుకే.

బైబిల్లో అపొస్తలుడైన పౌలు కూడా తన శరీరంలోని ‘ముల్లు’ లాంటి బాధను తీసేయమని దేవుణ్ని మూడుసార్లు వేడుకున్నాడు. అది పోలేదు, ఆయన పరిచర్యా ఆగలేదు. పరిణతి చెందిన విశ్వాసమంటే ఇదే. జబ్బు తగ్గకపోతే ‘నీకు విశ్వాసం చాల్లేదు’ అని రోగినే తప్పుపట్టడం క్రూరత్వం.

ప్రార్థన చేయించుకోండి. షుగర్ మాత్రలు, టీబీ మందులు మాత్రం ఒక్క పూట కూడా మానకండి.