ఏ గడపలో ఎవరున్నారు: మహిళా సమాజం తీర్మానం

విశాఖపట్నంలోని మా మహిళా సమాజం ప్రత్యేక సర్వసభ్య సమావేశంలో ఏకగ్రీవంగా ఆమోదించినది.

విషయం: రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటన్ మహిళా స్వచ్ఛంద సేవాదళాన్ని నడిపిన లేడీ రీడింగ్ సేవలను స్మరించడం, ఆ దళం పనితీరును ఆదర్శంగా తీసుకుని మన వార్డులో ‘వీధి పుస్తకం’ రాయడం.

అధ్యక్షురాలి అనుమతితో కార్యదర్శి విషయాన్ని సభ ముందుంచగా, సభ్యులు చర్చించి ఈ కింది అంశాలను పరిగణనలోకి తీసుకున్నారు.

(అ) యుద్ధం ఈ ఊరికి కొత్త కాదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. 1971 డిసెంబరు 3 రాత్రి తెల్లవారేలోగా పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన తీరానికి చేరువలోనే మునిగింది. 2025 మే 7న ‘ఆపరేషన్ అభ్యాస్’ పేరిట దేశమంతటా పౌర రక్షణ విన్యాసాలు జరిపిన ఊళ్లలో విశాఖ కూడా ఉంది. ఆ రోజు మనలో చాలామందిమి బాల్కనీల్లో నిలబడి ఫోన్లలో వీడియోలు తీశాం. సైరన్ మోగాక మనం చేయవలసింది ఏమిటో ఒక్కరికీ తెలియదు.

(ఆ) సరిగ్గా అయిదేళ్ల ముందు అదే తేదీన, 2020 మే 7 తెల్లవారుజామున, మన ఊరి ఆర్.ఆర్. వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి వెలువడిన విషవాయువు కమ్మేసరికి జనం గాఢనిద్రలో ఉన్నారు. అటువంటి వేళ తలుపు బద్దలుకొట్టి లోపలికి వెళ్లేవారు మొట్టమొదట అడిగే ప్రశ్న ఒకటే: ఈ ఇంట్లో ఎందరుంటారు? బాంబు పడినా, తుఫాను వచ్చినా ఆ ప్రశ్న మారదు.

(ఇ) ఆ ప్రశ్నకు ముందే జవాబు రాసిపెట్టుకున్న మహిళలున్నారు. లేడీ రీడింగ్, అంటే స్టెల్లా ఐజాక్స్, 1925లో వైస్రాయి సతీమణి కొలువులో ఉద్యోగానికి ఢిల్లీ వచ్చారు. తర్వాత వైస్రాయి రీడింగ్ ప్రభువుకు కార్యదర్శిగా పనిచేశారు. ఆయన మొదటి భార్య మరణించాక 1931లో ఆయనను వివాహమాడారు. 1938లో, యుద్ధం ఇంకా మొదలు కాకముందే, బ్రిటన్ హోంమంత్రి శామ్యూల్ హోర్ కోరికపై మహిళా స్వచ్ఛంద సేవాదళాన్ని స్థాపించారు. యుద్ధకాలంలో అందులోని సభ్యుల సంఖ్య పది లక్షలకు చేరింది.

(ఈ) 1939 సెప్టెంబరులో పిల్లలు, తల్లులు కలిపి సుమారు పదిహేను లక్షల మందిని కొద్ది రోజుల్లోనే నగరాల నుంచి పల్లెలకు తరలించినప్పుడు వెంట వెళ్లి దింపివచ్చిన వారిలో, ఊళ్లలో ఇళ్లు వెతికిపెట్టిన వారిలో ఈ దళం స్త్రీలున్నారు. 1940 జులైలో లేడీ రీడింగ్ రేడియోలో మాట్లాడి, విమానాల తయారీకి అల్యూమినియం గిన్నెలు ఇమ్మని గృహిణులను అడిగారు. బాంబులు పడిన చోట దళం టీ కాచింది, ఇల్లు పోయినవారికి బట్టలిచ్చింది, తమవారు కనబడక తిరిగేవారికి సమాచారం చెప్పింది.

(ఉ) మన సభను ఎక్కువగా ఆలోచింపజేసింది ఆ దళంలోని ‘గృహిణుల సేవ’ విభాగం. దాని సభ్యురాలు ఇల్లు విడిచి ఎక్కడికీ పోనక్కరలేదు. కిటికీలో ఒక కార్డు పెట్టుకుని, తన వీధిలో ఏ ఇంట్లో ఎవరుంటారో, రాత్రి ఎక్కడ పడుకుంటారో తెలుసుకుని ఉండేది. ఇల్లు కూలితే సహాయక సిబ్బంది శిథిలాల్లో ఎక్కడ తవ్వాలో ఆమెను అడిగేవారు.

(ఊ) ఆ సేవ ప్రమాదం లేనిది కాదు. యుద్ధకాలంలో దళానికి చెందిన 241 మంది ప్రాణాలు కోల్పోయారు. దాని లోటు కూడా సభ గుర్తించింది. యూనిఫాం ఎవరి ఖర్చుతో వారే కొనుక్కోవలసి వచ్చేది. చేతిలో డబ్బు లేని ఇల్లాలికి అది చిన్న అడ్డంకి కాదు.

(ఋ) ముగ్గుల పోటీలు, వంటల పోటీలు, కార్తీక వనభోజనాలతో మన సంవత్సరం గడిచిపోతున్నది. వాటిని మానమని ఎవరూ అనలేదు. కానీ సమాజ భవనం పక్క అపార్ట్‌మెంటు సెల్లారులో ఉండే వాచ్‌మన్‌కు పిల్లలెందరని ఈ సభలో అడిగితే ఒక్క చెయ్యీ లేవలేదు.

కావున సభ ఈ విధంగా తీర్మానించింది:

1. లేడీ రీడింగ్‌కు, ఆ దళంలో పేరు తెలియకుండా పనిచేసిన స్త్రీలకు ఈ సభ నివాళి అర్పిస్తున్నది.

2. వార్డులో ప్రతి వీధికి ఇద్దరు సేవికలు ఉండాలి. వారిలో ఒకరు అద్దె ఇంట్లో ఉండేవారో, ఇళ్లలో పనిచేసుకునేవారో అయి ఉండాలి. ఏ ఇంటి వెనక తలుపు ఎటు తెరుచుకుంటుందో మనకంటే వారికే బాగా తెలుసు.

3. వీధి పుస్తకంలో రాయవలసినవి: ఇంట్లో ఉండేవారి సంఖ్య, మంచం దిగలేనివారు, వినికిడి లేనివారు, చంటిపిల్లలు, నిండు గర్భిణులు, రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునేవారు, గ్యాస్ సిలిండర్ ఉండే చోటు. సెల్లారు గది, మేడ మీది రేకుల షెడ్డు కూడా ఇళ్లుగానే లెక్క.

4. కులం, మతం, ఆదాయం, పార్టీ అడగరాదు. పుస్తకాన్ని ఫోటో తీయరాదు, వాట్సాప్‌లో పెట్టరాదు. చెప్పడం ఇష్టం లేనివారిని బలవంతపెట్టరాదు.

5. యూనిఫాం ఉండదు. చేతికి కట్టుకునే పట్టీని సమాజమే కుట్టిస్తుంది. సన్మానాలు, శాలువాలు ఉండవు.

6. సేవికలకు ప్రథమ చికిత్స, అగ్నిమాపక శిక్షణ, గుర్తింపు కార్డు, ప్రమాద బీమా కల్పించాలని జిల్లా యంత్రాంగాన్ని సభ కోరుతున్నది. మా ఉచిత సేవను చూపి జీతమిచ్చి నియమించవలసిన సిబ్బందిని తగ్గించరాదని కూడా స్పష్టం చేస్తున్నది.

7. ఏటా మే 7న పుస్తకాన్ని సరిచూడాలి. ఆ రోజు ఒక వీధిలో తలుపులు తట్టి అందరినీ బయటికి తెచ్చే అభ్యాసం చేసి, ఎంత సేపు పట్టిందో మినిట్స్‌లో రాయాలి.

8. ఈ తీర్మానం ప్రతులను జిల్లా కలెక్టరుకు, నగరపాలక సంస్థ కమిషనరుకు పంపే బాధ్యత కార్యదర్శిది.

యుద్ధం రావాలని ఈ సభ కోరుకోవడం లేదు. రాకపోయినా ఈ పుస్తకం వృథా పోదు. ప్రతి సభ్యురాలు ఈ సాయంత్రం తన గుమ్మం ఎక్కేముందు పక్కింటి తలుపు తట్టి, ఆ ఇంట్లో రాత్రి పడుకునేవారెందరో అడిగి రావలసిందిగా సభ కోరుతున్నది.