సాదుడు పేరుతో చాకిరీ చేయిస్తే ఊరుకుందామా?

తల్లిదండ్రులు లేని పిల్లను 'మేం సాదుకుంటం' అని ఎవరన్నా తీసుకపోతే ఊరంతా పుణ్యమంటది. ఆ పిల్ల బడికి పోతున్నదా, బర్ల కాడికి పోతున్నదా అని అడిగేటోళ్లు ఎందరు? సాగర్ ఎడమ కాలువ నీళ్లు పారే ఈ నేరేడుచర్ల నేల మీద ఈ ప్రశ్న అడగాల్సింది మనమే. బువ్వ పెడతం, బట్ట ఇస్తం అనే తియ్యని మాటతోనే మన తాతల్ని చిన్ననాడే జీతానికి కుదుర్చుకున్నారు. 1976 చట్టం వెట్టిని రద్దు చేసింది. ఆ మాట మాత్రం ఇంకా చావలేదు.

2015 బాలల న్యాయ చట్టం 44వ సెక్షన్ ఫాస్టర్ కేర్‌కు దారి చూపింది. ఇది దత్తత కాదు. దిక్కులేని బిడ్డను మరో కుటుంబంలో ఉంచి పెంచడం. 2024లో కేంద్రం మార్గదర్శకాలు మార్చి, ఒంటరిగా ఉన్నవాళ్లకు కూడా అవకాశమిచ్చింది. మంచిదే. కానీ పెంపకం మంచిచెడ్డలు కొలిచేదెట్లా? బంగళా చూసా? కాదు. తమ పిల్లల పక్కనే కూర్చోబెట్టి అదే కూర వడ్డించాలె. కులం ఎత్తి తిట్టొద్దు. కన్నతల్లిని తలచుకొని ఏడిస్తే కసరొద్దు. తోబుట్టువులను విడదీయొద్దు.

పెంపుడు ఇండ్లను నెలనెలా తనిఖీ చెయ్యాలని ఆ చట్టమే చెప్పింది. తనిఖీ అంటే చాయ తాగి సంతకం పెట్టిపోవడం కాదు. పిల్లతో విడిగా మాట్లాడాలె. బడి హాజరు చూడాలె. అరచేతుల్లో కాయలున్నయా చూడాలె.

ఇక మన వాడల్లో సాదేది ఎవరు? అమ్మమ్మ, మేనత్త, చిన్నమ్మ. తల్లి భీమాబాయి పోయినంక బాబాసాహెబ్‌ను సాదింది మేనత్త మీరాబాయి కాదా? కూలికి పోతేగాని పొయ్యి వెలగని అమ్మమ్మకు పెంపకం పాఠాలు తర్వాత చెప్పొచ్చు, ముందు ఆసరా ఇవ్వండి. బంధువుల దగ్గర పెరిగే అనాథలకు 45వ సెక్షన్ కింద స్పాన్సర్‌షిప్ ఉంది. మిషన్ వాత్సల్య కింద నెలకు 4000 రూపాయలు. ఏడాది ఆదాయం పల్లెల్లో 72,000, పట్టణాల్లో 96,000 దాటొద్దు. ఈ సంగతి ఎన్ని గుడిసెలకు చేరింది?

చదువుకున్న దళిత యువకులారా! వాడవాడలో ఇటువంటి పిల్లల పేర్లు రాయండి. అమ్మమ్మలను వెంటబెట్టుకొని సూర్యాపేటలోని జిల్లా బాలల సంరక్షణ విభాగానికి నడవండి. ఏ పిల్లయినా చాకిరీలో చిక్కితే 1098కి ఫోన్ చేయండి. ఇది దయ కాదు, మన బిడ్డల హక్కు.

జై భీమ్!