చదువుల నడుమ పాటకు చోటు

అభిజ్ఞాన శాకుంతలము పంచమాంకారంభమున, సంగీతశాలలో హంసపదిక పాడుచున్న పాట దుష్యంతుని చెవిని బడును. శాపవశమున శకుంతలను సమూలముగా మఱచిన ఆ రాజు, తనకిప్పుడు ఇష్టజనవియోగ మేదియు లేకున్నను ఈ పాట విన్నంతనే మనస్సేల ఇంతగా తల్లడిల్లుచున్నదని విస్మయపడి, సుఖముగా నున్న ప్రాణియైనను రమ్యమైనదానిని చూచినపుడు, మధురమైన శబ్దమును విన్నపుడు, తానెఱుగకయే జన్మాంతర స్నేహములను తలచుకొనునేమో యని తనకు తానే సమాధానము చెప్పుకొనును. బుద్ధి మఱచినదానిని చెవి మఱువదని ఇంత సూక్ష్మముగా గుర్తించిన కవి మఱియొకడు లేడని నా నమ్మకము.

జన్మాంతరముల మాట యటుండనిండు. సంసారభారముతోను ఉద్యోగపు తొందరతోను తలమునకలై యున్న నడివయసు మనిషికి, పెండ్లిపందిట మైకుసెట్టు నుండియో, దూరప్రయాణపు బస్సులోనో, ఏడవ తరగతి నాడు విన్న పాట యొకటి అనుకోకుండ వినవచ్చినచో, దాని వెంట సుద్దముక్కల పొడి రాలిన తరగతి గదియు, వేసవి ఒంటిపూట బడులును, ఎదుటి వరుస బల్లలవైపు దొంగచాటుగా పాఱిన చూపులును, నోట్సు అడుగు నెపమున పలికిన నాలుగు మాటలును, ఆ నాలుగు మాటలకే నిద్రపట్టని రాత్రియు వరుసకట్టి వచ్చును. స్త్రీలకును ఇట్టి జ్ఞాపకములు కలవు. మన సమాజము వారిని నోరు విప్పనీయలేదు గనుక అవి మగవారి కథలుగా మాత్రమే ప్రచారమైనవి. ఆ ఇష్టము ఏమియు కోరలేదు; పదవ తరగతి తుదిదినమున ఆటోగ్రాఫు పుస్తకములో వ్రాసిన శుభాకాంక్షతో తఱచు ముగిసిపోయినది. అయినను తల్లిదండ్రులను తోబుట్టువులను దాటి, మఱియొకరి కొఱకు మనిషి తన చిత్తమున తొలిసారి చోటుచేసినది అప్పుడే గనుక దానిని చులకన చేయుట నాకు సమ్మతము కాదు.

శాస్త్రజ్ఞుల పరిశీలనయు ఈ విషయమున గమనింపదగినది. 2009లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ ప్రాంగణమున పెట్ర్ జనాటా యను ఆచార్యుడు, విద్యార్థులకు వారి 8 మొదలు 18 ఏండ్ల ప్రాయమున ప్రచారములోనున్న పాటల ముక్కలను వినిపించుచు వారి మెదడును చిత్రించి చూడగా, తెలిసిన పాట స్వానుభవస్మృతిని మేల్కొలిపినపుడు నుదుటి వెనుకనున్న మధ్యభాగము చుఱుకుగా పనిచేయుట కనబడినది. అల్జీమర్స్ వ్యాధిలో చాలకాలముదాక క్షీణింపక నిలుచు భాగములలో అదియు నొకటి. కన్నబిడ్డల పేర్లు మఱచిన వృద్ధులు సయితము చిన్ననాటి పాటకు పెదవి కదుపుటకు ఇది కారణము కావచ్చును.

తెలుగువారికి ఈ సంపదలో లోటు కలుగలేదు. 1951లో బి.ఎన్. రెడ్డి తీసిన ‘మల్లీశ్వరి’ కథకు బావామఱదళ్ళ బాల్యస్నేహమే మూలము. ఆ స్నేహమునకు దేవులపల్లి కృష్ణశాస్త్రి మాటలిచ్చెను, సాలూరి రాజేశ్వరరావు స్వరములిచ్చెను. 1953 నాటి ‘దేవదాసు’ జంటయు చిన్ననాడు పల్లెబడిలో కలిసి చదివినవారే. 2001లో వచ్చిన ‘మనసంతా నువ్వే’, బాల్యమున విడిపోయిన ఇద్దఱి కథను ఆర్.పి. పట్నాయక్ బాణీలతో చెప్పి, అప్పటి విద్యార్థుల హృదయములలో నిలిచిపోయినది. 1957లో వెలసిన వివిధభారతి ఈ పాటలను ఇంటింటికి చేర్చినది. పిమ్మట వచ్చిన క్యాసెట్టు కాలమును గూర్చి నేనొకింత నిలిచి చెప్పవలెను. కోరిన పాటల పట్టికను నోటుబుక్కు కాగితముపై వ్రాసి రికార్డింగు దుకాణములో నిచ్చి, తొంబది నిమిషముల ఖాళీ క్యాసెట్టుపై వైపునకు నలుబదియైదు నిమిషముల చొప్పున నింపించుకొని, అది చేతికి వచ్చువఱకు ఆ దుకాణము చుట్టు తిరిగిన పిల్లలకు, ఏ పాట ముందుండవలెను, ఏ పాట తుదినుండవలెను అను ఆలోచనలో ఎవరిదో ఒక ముఖము మెదలుచునే యుండెడిది. పాట మీది అపేక్షయు, మనిషి మీది అపేక్షయు అట్లు ముడిపడినవి గనుకనే నేటికిని ఒకటి కదలిన రెండవది కదలుచున్నది.

అయితే ఒక మాట నిష్కర్షగా చెప్పక తప్పదు. పాట తెచ్చియిచ్చునది ఆనాటి మన వయసునే కాని ఆ మనిషిని కాదు. నేడు ఫోనులో పేరు వెదకి, ముప్పదియేండ్ల క్రిందటి సహాధ్యాయి జాడ పట్టి, ఆమె ఒల్లకున్నను పలుకరింపుల మీద పలుకరింపులు పంపువారు, తమ స్మృతిని తామే మలినపఱచుకొనుచున్నారు. కాదన్న పిల్ల వెంటబడి వేధించుటయే ప్రేమకు నిదర్శనమని పాటలు కట్టి చూపిన చిత్రములును ఈ దోషమునకు బాధ్యత వహింపవలసినవే.

ఇప్పుడు నన్ను మిక్కిలి వ్యాకులపఱచుచున్నది మన ఇంటర్మీడియట్ వసతి కళాశాలల స్థితి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో ఈఏపీసెట్టు, జేఈఈ, నీట్ పరీక్షల పేరిట, పదునాఱేండ్ల పిల్లలను తెల్లవాఱకమునుపే లేపి, రాత్రి ప్రొద్దుపోవువఱకు స్టడీ అవర్లలో కూర్చుండబెట్టి, వారము వారము పరీక్షలు పెట్టి, ర్యాంకుల ననుసరించి సెక్షనులు మార్చుచు, బాలబాలికలను వేఱువేఱు ప్రాంగణములలో నుంచి, ఆట మైదానమును సయితము అనావశ్యకముగా భావించు పద్ధతి పలుచోట్ల స్థిరపడినది. ఫోనులు తీసికొనుటలో తప్పులేదు. ఫోనుతోపాటు పాటనుగూడ తీసికొనుటయే తప్పు. పది మొదలు ముప్పదియేండ్ల లోపున జరిగిన సంగతులే వార్ధక్యమున అధికముగా గుర్తుండునని మనస్తత్వవేత్తలు చిరకాలముగా చెప్పుచున్నారు. ఆ ప్రాయములో రెండు పూర్ణసంవత్సరములను ఫార్ములాలకును మార్కుల పట్టికలకును ఒప్పగించిన బిడ్డకు, నలుబదవయేట ఏ పాట విన్న ఏమి జ్ఞాపకము వచ్చును? ఎవరి నవ్వు తోచును?

పాట వలన ఏకాగ్రత చెడునని యాజమాన్యములు వాదించును. చదువుచున్నంతసేపు పాట పెట్టుమని ఎవరును కోరుట లేదు. దినమంతయు లెక్కలతో అలసిన బుద్ధికి అరగంట విశ్రాంతి ఈయకుండుటవలన ఏకాగ్రత పెరుగునని మాత్రము ఏ అనుభవజ్ఞుడైన ఉపాధ్యాయుడును చెప్పజాలడు. పాట విన్న పిల్లలు ప్రేమలో పడుదురని భయపడు తల్లిదండ్రులు, తమ పదునాఱవ ఏటను ఒక్కసారి తలచుకొనవలెను. ఆ వయసున కలిగిన ఇష్టమును పాటలో పాడుకొని ఊఱడిల్లిన బిడ్డకంటె, దానిని ఎవరికిని చెప్పుకొనలేక లోలోపల నలుగు బిడ్డను గూర్చియే మనము ఎక్కువగా భయపడవలసియున్నది.

కావున వసతి కళాశాలల యాజమాన్యములకు నా మనవి ఇది: సాయంకాలపు పలహారమునకును రాత్రి స్టడీ అవరునకును నడుమ ఒక అరగంట పాటకు విడువుడు, ఫోనులక్కఱలేదు, భోజనశాలలో ఒక స్పీకరు చాలును, ఏ పాట వినవలెనో పిల్లలనే ఎన్నుకొననిండు. తల్లిదండ్రులారా, సెలవులకు ఇంటికి వచ్చిన బిడ్డ గదిలో ఒంటరిగా ఏదైన కూనిరాగము తీయుచున్నచో, తలుపు తట్టి, మార్కులెన్ని వచ్చినవని అడుగకుడు.