పిలిస్తే పోవుడేనా? మనం పిలిచేదెప్పుడు?



కూకట్‌పల్లిలో, కేపీహెచ్‌బీలో, మూసాపేటలో, జగద్గిరిగుట్టలో మనోళ్లు ఎందరున్నరో మీకు తెలుసు. జేఎన్‌టీయూలో చదివేటోళ్లు, ఒక్క గదిలో నలుగురుండి కోచింగ్‌కు పోయేటోళ్లు, బండి మీద తిండి డెలివరీ చేసేటోళ్లు, మాదాపూర్ టవర్ల కింద రాత్రి డ్యూటీ చేసేటోళ్లు. పని కోసం, చదువు కోసం ఈ నగరం మనల్ని రానిచ్చింది. మన పాటకు మాత్రం ఇక్కడ ఇంకా ఇల్లు దొరకలేదు.

ఈ నగరంలోనే శని, ఆదివారాలు వస్తే 'ఇండీ' పేరుతో ఒక లోకం నడుస్తది. సినిమాతో సంబంధం లేని బ్యాండ్లు, ర్యాప్ పాడే పిల్లలు, చిన్న నాటకాలు, బొమ్మల ప్రదర్శనలు. బంజారాహిల్స్‌లో లామకాన్ 2010 నుంచి ఇటువంటి వాటికి చోటిస్తోంది. కొన్ని దేశాల్లోనైతే ఒక్క వేదిక కాకుండా పేటంతా పండుగైతది. అమెరికాలోని ఆస్టిన్‌లో 1987లో మొదలైన సౌత్ బై సౌత్‌వెస్ట్ అట్లాంటిదే. ఊరంతా ఉన్న చిన్న చిన్న చోట్లలో పాట, జనం ఒక చోటు నుంచి ఇంకో చోటుకు నడిచిపోతరు.

ఇది చదివి అబ్బో అనుకోకండి. దండారి అంటే ఏంది మరి? భోగి పూజతో మొదలై కోలబోడితో ముగిసేదాకా దండారి జట్టు గూడెం నుంచి గూడేనికి పోతది. వచ్చినోళ్లకు ఆ గూడెం కాళ్లు కడుగుతది, అన్నం పెడుతది. రాత్రంతా వాకిట్లో గుమేల, పర్ర మోగుతయి. టికెట్ లేదు, ఎత్తైన స్టేజీ లేదు. ఆడేటోళ్లు ఈరోజు అతిథులు, రేపు వాళ్ల గూడేనికి పోతే వాళ్లే ఇంటోళ్లు. వాడవాడనా నడిచే కళా పండుగ మనకు ఎవరూ నేర్పాల్సిన పని లేదు.

కానీ నగరంలో మన కళతో ఏం చేయిస్తున్నరు? స్వాగతం. పెద్దమనిషి కారు దిగుతుంటే గుస్సాడీ. కంపెనీ వార్షికోత్సవానికి కొమ్ము నృత్యం, పదిహేను నిమిషాలు. పోస్టర్ మీద 'గిరిజన నృత్యం' అని ఉంటది, ఆడినాయన పేరు ఉండదు. ఫొటోలు తీసుకుంటరు, భోజనం పెట్టించి బస్సెక్కిస్తరు. బంజారాహిల్స్‌నే చూడండి. బంజారాల పేరు గుట్టకు మిగిలింది, గుట్ట బంజారాలకు మిగల్లేదు. మన కళకు కూడా అదే గతి పట్టొద్దు.

2024లో మనం ఇద్దర్ని పోగొట్టుకున్నం. జూన్‌లో కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య, అక్టోబర్‌లో మార్లవాయి గుస్సాడీ కనకరాజు. ఇద్దరూ పద్మశ్రీలే. రామచంద్రయ్యకు సమ్మక్క సారలమ్మ కథ కాగితం మీద లేదు, గొంతులో ఉండేది. అట్లాంటి గొంతు పోతే దాని ఎనుక నేర్చుకున్నోళ్లు ఎందరున్నరు? నేర్చుకోవాల్సిన వయసోళ్లు ఎక్కడున్నరు? కూకట్‌పల్లి హాస్టళ్లలో ఉన్నరు. అందుకే ఈ మాట ఇక్కడ మాట్లాడాల్సి వస్తోంది.

పక్కన చెన్నైలో ఏం జరిగిందో చూడండి. 2015లో ఊరూర్ ఆల్కాట్ కుప్పం అనే మత్స్యకారుల వాడలో కర్ణాటక గాయకుడు టి.ఎం. కృష్ణ, మరికొందరు కలిసి ఒక ఉత్సవం మొదలుపెట్టిన్రు. సభా మందిరాల సంగీతం వాడలోకి వచ్చింది. మంచిదే. అయితే అక్కడ ముందే వేదిక ఉన్నాయన కిందికి దిగివచ్చిండు. 2018లో వచ్చిన క్యాస్ట్‌లెస్ కలెక్టివ్, 2020లో మొదలైన 'మార్గళియిల్ మక్కళిసై' వేరే దారి పట్టినయి. పా. రంజిత్ తోడ్పాటుతో గానా, పరై కళాకారులు సభలోళ్ల పిలుపు కోసం చూడలేదు. సభలోళ్లు కచేరీలు పెట్టుకునే మార్గళి నెలలోనే తమ వేదిక తాము వేసుకున్నరు. మనం నేర్చుకోవాల్సింది ఈ రెండోది.

ఎవరైనా పిలిస్తే అసలే పోవద్దని నేను అనట్లేదు. అడిగి పోదాం. పోస్టర్ మీద కళాకారుడి పేరు, తెగ పేరు, ఊరి పేరు ఉండాలె. గిటార్ వాయించేటాయనకు ఎంతో, డోలి కొట్టేటాయనకూ అంతే. పాట అర్థం చెప్పడానికి టైం ఇయ్యాలె. రికార్డు చేస్తే ముందే రాతపూర్వకంగా ఒప్పుకోవాలె. ఇది బతిమాలుకునేది కాదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం పాడేటోళ్లు, ఆడేటోళ్లు, గారడీ చేసేటోళ్లు, పాములాడించేటోళ్లు కూడా 'ప్రదర్శకులే'. అనుమతి లేకుండా వాళ్ల ప్రదర్శనను రికార్డు చేసే హక్కు వేరేవాళ్లకు లేదు. తన ప్రదర్శనకు తన పేరు పెట్టమని అడిగే హక్కు 2012 సవరణతో వచ్చింది.

'దేవుడి ఆటను స్టేజీ ఎక్కిస్తరా?' అని పెద్దలు అడుగుతరు. వాళ్లు అడిగేది న్యాయమే. గుస్సాడీ టోపీ బొమ్మ కాదు, దానికి పూజ ఉంది, కాలం ఉంది. ఏది బయటికి తేవచ్చు, ఏది తేవద్దు అన్నది పటేల్, కటోడా, ఆ కళ పట్టుకున్న కుటుంబాలు చెప్పాలె. మనం గానీ ఈవెంట్ మేనేజర్ గానీ చెప్పేది కాదు. పూజకు సంబంధం లేని రేలా పాటలు, పెళ్లి పాటలు, పని పాటలు ఎన్నో ఉన్నయి. గోండీలో, కోయలో కొత్తగా ర్యాప్ రాసే పిల్లలున్నరు. వాటితో మొదలుపెడదాం.

ఎక్కడ అంటరా? జేఎన్‌టీయూ నుంచి మూసాపేట దాకా మెట్రోలో అయిదు స్టేషన్లు. ఒక్కో స్టేషన్ దగ్గర ఒక్కో చోటు చాలు. ఒక హాస్టల్ డాబా, ఒక కమ్యూనిటీ హాలు, ఆదివారం ఖాళీగా ఉండే బడి, ఒక పార్కు, ఒక చాయ్ హోటల్ ముందర జాగ. ఒక చోట కిక్రి, ఒక చోట డోలి, ఒక చోట మన పిల్లల బొమ్మలు. అన్నిటికీ పెద్ద చోటు కావాలంటే 2022 సెప్టెంబర్ 17న తెరిచిన కుమ్రం భీం ఆదివాసీ భవన్ బంజారాహిల్స్‌లో ఉండనే ఉంది. అది మన పేరున కట్టింది, వాడుకోవడానికి దరఖాస్తు పెడదాం. రాత్రి పదింటికి ఆరుబయట మైకే కాదు, డోలి కూడా బంద్ చేయాలంటరు, చేద్దాం.

వచ్చిన కళాకారులను లాడ్జిలో పెట్టొద్దు. ఒక్కో గది ఒక్కో జట్టును పిలిచి అన్నం పెట్టాలె, దండారిలో పెట్టినట్టు. పొద్దున వాళ్ల దగ్గర కూసొని ఒక్క పాటన్నా నేర్చుకోవాలె. ఖర్చు మనమే తలా ఇంత వేసుకుంటే, రమ్మని పిలిచే మాట మనదే అయితది.

దీపావళి రోజుల్లో మాత్రం వద్దు. అప్పుడు దండారి ఊళ్లో ఉంటది, మనం కూడా అక్కడే ఉండాలె. మిగతా నెలల్లో ఏ ఆదివారమైతే వీలైతదో మీ గదుల్లో కూసొని మాట్లాడుకోండి. దానికంటే ముందు ఈ వారమే ఇంటికి ఫోన్ చేసి, మన ఊళ్లో ఇంకా పాడేటోళ్లు ఎవరున్నరో అడగండి.

జోహార్.