నీళ్ళలో గేదె బేరం

గేదెను నీళ్ళలో వుంచి బేరమాడటం అనే సామెత పుట్టించినవాడెవడో గాని, గట్టి దెబ్బ తిన్నవాడై వుండాలి. చెరువులో మునిగివున్న గేదెకు కొమ్ములూ మూతీ తప్ప మరేమీ కనబడవు. అది కుంటిదో, వట్టిపోయినదో, పొదుగు ఎంతదో దేవుడికే ఎరుక. అమ్మేవాడు ఒడ్డున నిలబడి పాలధారల గురించి చెబుతూ వుంటాడు. కొనేవాడు ఆ మాటలలోనే పాలు తోడుపెట్టి, వెన్న తీసి, నెయ్యి కాచుకుంటాడు.

ఈ బేరం ఇప్పుడు చెరువుగట్టు దాటి కంప్యూటరు తెరమీదికి వచ్చింది. ఇంట్లో కాలేజీ చదువుతున్న కుర్రవాడున్న తల్లిదండ్రులకు సంగతి కొంత తెలిసే వుంటుంది. తెలియనివారికోసం చెబుతాను. వీడియో గేములను డబ్బాలో పెట్టి కొట్లో అమ్మడం చాలావరకు తగ్గిపోయింది. స్టీమ్ వంటి ఇంటర్నెట్ అంగళ్ళలో డబ్బు కట్టి ఇంట్లో కంప్యూటరులోకి దించుకోవడమే. అక్కడ పూర్తికాని ఆటను అమ్మే పద్ధతులు రెండు. ఒకటి ప్రీ ఆర్డరు. ఆట ఇంకా విడుదల కాలేదు, ఎలా వుంటుందో ఎవరూ ఆడి చూడలేదు, అయినా ధర ముందే కట్టి వుంచుకోవడం. రెండవది ఎర్లీ యాక్సెస్. సగం తయారైన ఆటను అమ్మి, మిగిలిన సగం తరువాత చేరుస్తామనడం. అంటే కప్పు వేయని ఇంట్లో కాపురం పెట్టించడమన్నమాట. స్టీమ్ వారు 2013లో దీనికొక ప్రత్యేకమైన వాకిలి తెరిచారు.

మా వీధిలో ఒకావిడ మొన్న నన్ను ఆపి, "మేస్టారూ, మావాడు ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన మూడువేలూ తీసుకుపోయి ఇంకా తయారే కాని ఆటకు కట్టేస్తానంటున్నాడండీ. వాళ్ళ నాన్నగారు మండిపడుతున్నారు. మీరు కాస్త చెప్పండి" అన్నది. కుర్రవాణ్ణి పిలిచి అడిగాను. వాడు తొణక్కుండా, "పూర్తయ్యాక ధర పెంచుతారట మాస్టారూ. ఇప్పుడైతే చవక. పైగా ఆ డబ్బు నేను సంపాదించిందే గదా" అన్నాడు.

వాడి మాట కొట్టిపారేయదగ్గది కాదు. మూడునెలలపాటు సాయంకాలాలు సముద్రపుటొడ్డుకు షికారు మానుకుని, ఇద్దరు చిన్నపిల్లలకు లెక్కలు చెబితే వచ్చిన డబ్బు అది. తండ్రి మాటా కొట్టిపారేయదగ్గది కాదు. ఆయన కోపం ఆట మీద కాదు, మూడువేల మీదా కాదు. కంటికి కనబడని దానికి డబ్బు ముందే ఇవ్వడం మీద. ఆ యింట్లో వారం రోజులుగా తండ్రీకొడుకులకు మాటలు లేవు. కనుక ఇది పిల్లల ఆటే అయినా, విచారించి తేల్చవలసిన విషయమే.

పూర్తికాని వస్తువుకు డబ్బివ్వడమే తెలివితక్కువ పని అని మాత్రం విశాఖపట్నం వాళ్ళం మనం అనలేం. మన వూళ్ళో ఓడలు కడతారు. 1948 మార్చి 14వ తేదీన సింధియా యార్డులో కట్టిన "జల ఉష"ను నెహ్రూగారు నీళ్ళలోకి దింపారు. జలప్రవేశం అనగానే ఓడ బయలుదేరి పోయిందనుకుంటాం. సామాన్యంగా ఆ రోజుకు ఏ ఓడా పూర్తయి వుండదు. నీటిలో తేలే పెద్ద బొద్దె మాత్రమే సిద్ధమవుతుంది. గదులూ, గొట్టాలూ, విద్యుత్ తీగలూ, యంత్రాల అమరికా అన్నీ ఆ తరువాత రేవుగోడ పక్కన నెలల తరబడి సాగే పని. అయినా ఓడ కొనేవాడు అప్పటికే చాలా డబ్బు ఇచ్చివుంటాడు.

ఎలా ఇస్తాడన్నది ముఖ్యం. ఒప్పందంనాడు కొంత, ఉక్కు రేకులు కోయడం మొదలుపెట్టిన నాడు కొంత, అడుగు దూలం పరచిననాడు కొంత, జలప్రవేశంనాడు కొంత, అప్పగింతనాడు మిగిలినది. పని జరుగుతున్నంత కాలమూ సర్వేయర్లు వచ్చి అతుకులు పరీక్షిస్తూ వుంటారు. యార్డు చేతులెత్తేస్తే ఇచ్చిన డబ్బు తిరిగి వచ్చేందుకు బ్యాంకు పూచీ తీసుకోవడం ఆ వ్యాపారంలో మామూలు. కోట్ల వ్యవహారం గనుక ఎవరూ ఎవరి తియ్యని మాటలనూ నమ్ముకుని కూర్చోరు.

ఇళ్ళ విషయంలోనూ మనం ఈ బుద్ధి ఆలస్యంగా తెచ్చుకున్నాం. రంగుల బొమ్మ చూపించి అపార్టుమెంట్లు అమ్మే రోజులలో ఎందరు నష్టపోయారో మనకు తెలుసు. 2016లో వచ్చిన రెరా చట్టం ప్రకారం, దాని కిందికి వచ్చే నిర్మాణాన్ని నమోదు చేయకుండా అమ్మకూడదు. రిజిస్టరయిన ఒప్పందం లేకుండా ధరలో పదోవంతుకు మించి బజానా పుచ్చుకోకూడదు. కొనేవాళ్ళ దగ్గర తీసుకున్న డబ్బులో నూటికి 70 వంతులు వేరే ఖాతాలో వుంచి, ఆ కట్టడానికీ ఆ స్థలానికీ మాత్రమే ఖర్చుపెట్టాలి.

ఇక సీరియల్ నవలలు చదివే మీకు ఇంకొక పద్ధతి చెప్పనే అక్కరలేదు. వారం వారం మీరు కొంటున్నది పూర్తికాని నవలనే. కాని ఈ వారం డబ్బుకు ఈ వారం ప్రకరణం చేతికి వస్తుంది. చార్లెస్ డికెన్స్ తన చివరి నవల "ది మిస్టరీ ఆఫ్ ఎడ్విన్ డ్రూడ్"ను నెలకొక భాగం చొప్పున పన్నెండు భాగాలుగా తలపెట్టి, 1870లో ఆరు భాగాలకు సరిపడా మాత్రమే రాసి కన్నుమూశాడు. భాగానికొక షిల్లింగు ఇచ్చి కొన్నవారికి కథ ముగింపు దక్కలేదు గాని, రాని భాగాలకు ఒక్క పెన్నీ పోలేదు. మన కొమర్రాజు లక్ష్మణరావుగారి "ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము" మాటా అంతే. మూడు సంపుటాలు వచ్చి, అక్షరమాలలో తొలి అక్షరాల దగ్గర వుండగానే 1923లో ఆయన పోయారు. కొన్నవారి బీరువాలో మూడు సంపుటాలూ వున్నాయి. వాటిలో ఏ వ్యాసం తెరిచినా దానికదే చదువుకోవచ్చు.

ఇప్పుడు ఆటల అంగడికి వద్దాం. అక్కడ వాయిదాలు లేవు. ధర అంతా ముందే. సర్వేయరు లేడు. పూచీపడే బ్యాంకు లేదు. పూర్తిచేస్తారన్న హామీ అయినా లేదు. ఆ మాట అంగడివారు దాచుకోనూ లేదు. ఇప్పుడున్న స్థితిలో ఆట మీకు నచ్చకపోతే ఆగి చూడండి, కొన్ని ఆటలు ఎప్పటికీ పూర్తికాకపోవచ్చును అని స్టీమ్ వారే అక్కడ రాసిపెట్టారు. బీడీకట్ట మీద హెచ్చరిక లాగా అందరూ చూస్తారు, ఎవరూ చదవరు.

ఈ పద్ధతిలో మంచి ఫలాలు కాయలేదా అంటే, కాశాయి. "మైన్‌క్రాఫ్ట్" ఆటను 2009లో పూర్తికాకముందే అమ్మడం మొదలుపెట్టారు. అది 2011 నవంబరులో పూర్తిరూపం పొందింది. ముందు కొన్నవారికి నిజంగానే చవకగా దక్కింది. బెల్జియం దేశపు లారియన్ వారు "బాల్డర్స్ గేట్ 3" ఆటను మూడంకాలలో మొదటి అంకం మాత్రమే సిద్ధం కాగా 2020 అక్టోబరులో అమ్మకానికి పెట్టారు. ఆడినవారు చెప్పిన లోపాలు సవరించుకుంటూ 2023 ఆగస్టులో పూర్తిచేశారు. దానికి ఆ సంవత్సరపు మేటి ఆటగా బహుమతి వచ్చింది.

చెట్టునే రాలిపోయిన పిందెలూ వున్నాయి. "కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ 2"ను 2023 ఫిబ్రవరిలో దాదాపు 50 డాలర్లకు అమ్మారు. గ్రహాలమీద వలసలూ, ఇతర నక్షత్రాలకు ప్రయాణాలూ తరువాత వస్తాయన్నారు. అవి రాకముందే 2024లో ఆ ఆట చేసే బృందం ఉద్యోగాలే పోయాయి. "ది డే బిఫోర్" అనే ఆట 2023 డిసెంబరు 7న ఎర్లీ యాక్సెస్‌లో వచ్చింది. నాలుగు రోజులకు కంపెనీ మూసేస్తున్నామని ప్రకటించారు. కొన్నవారికి డబ్బు తిరిగి ఇచ్చారు గనుక సరిపోయింది. "స్టార్ సిటిజన్" అనే ఆటకు 2012 నుంచి జనం డబ్బిస్తూనే వున్నారు. పుష్కరం తిరిగి వచ్చినా ఆట పూర్తికాలేదు.

ప్రీ ఆర్డరు సంగతి వేరు. పోలెండు దేశపు "సైబర్‌పంక్ 2077"ను 80 లక్షలమంది విడుదలకు ముందే కొన్నారని ఆ కంపెనీయే ప్రకటించింది. 2020 డిసెంబరు 10న విడుదలయింది. పాత ప్లేస్టేషన్ మీద అది అడుగడుగునా చతికిలపడితే, ఎనిమిది రోజులకు సోనీ వారు తమ అంగడినుంచి దాన్ని తీసివేసి డబ్బు వాపసు ఇస్తామన్నారు. విమర్శకులకు ముందుగా ఇచ్చినవి మంచి కంప్యూటర్లమీద నడిచే ప్రతులేగాని, ఆ ప్లేస్టేషన్ ప్రతులు కావు. గేదెకు ఏ కాలు కుంటిదో ఆ కాలే నీళ్ళలో వున్నదన్నమాట. తరువాత కొన్నేళ్ళపాటు మరమ్మతులు చేసి ఆ ఆటను చక్కని ఆటగా తీర్చారు. అంటే తొందరపడి ముందు కొన్నవాడు కుంటిగేదెను తోలుకుపోయాడు, ఓపిక పట్టినవాడు పాడిగేదెను తోలుకుపోయాడు. అది కూడా చాలాసార్లు తగ్గింపు ధరకే.

అసలు ముందే ఎందుకు కొనాలి? జగదాంబ సెంటరులో మొదటి ఆటకు టిక్కెట్టు ముందుగా కొనడంలో అర్థం వుంది. హాల్లో కుర్చీలు అయిపోతాయి. ఇంటర్నెట్‌లో దించుకునే ఆటకు కుర్చీలు ఎన్నడూ అయిపోవు. విడుదలైన మర్నాడూ దొరుకుతుంది, మరుసటేడాదీ దొరుకుతుంది. తరిగిపోని సరుకుకు క్యూ కట్టించడం వ్యాపారి నేర్పు. ఆ క్యూలో నిలబడటం మన సరదా.

ఆ కుర్రవాడితో నేనన్నది ఇది. "నువ్వు కొంటున్నది ఈ రోజు వున్న ఆటనా, రాబోయే ఆటనా? ఈ రోజు వున్నంతే వుండిపోయి, రేపటినుంచి ఒక్క ముక్క కూడా చేరకపోయినా, మూడువేలు ఇచ్చినందుకు బాధపడనంటే కొను. లేదూ, వాళ్ళు చేరుస్తామన్నది చేరిస్తేనే గిట్టుబాటంటావా, చేర్చిననాడే కొను." పదకొండో శతాబ్దంలో నన్నయగారి భారతం విన్నవారు, పదమూడో శతాబ్దంలో తిక్కన వచ్చి అందుకుంటాడన్న భరోసాతో వినలేదు. ఆదిపర్వం ఆదిపర్వంగా బాగుంది గనుక విన్నారు. మిగిలినదంతా తరువాతి వారి అదృష్టం.

సర్వేయరు లేని చోట మనమే సర్వేయర్లం కావాలి. ఆ ఆటకు చివరిసారి మార్పులు చేసి ఎన్నాళ్ళయిందో ఆ పేజీలోనే కనబడుతుంది. చేసినవారు ఇదివరలో ఏ ఆటయినా పూర్తిచేశారో లేదో వెతికితే తెలుస్తుంది. స్టీమ్‌లో కొన్న పద్నాలుగు రోజులలోపు, రెండు గంటలకు మించి ఆడకుండా వుంటే డబ్బు వాపసు అడగవచ్చు. ఆ రెండు గంటలూ ఆటకు గాక పరీక్షకు వాడుకోవాలి. ప్రీ ఆర్డరు అయితే విడుదలకు ముందు ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు.

ఇంకొక్క మాట తండ్రులకు. కొన్ని ఆటలను ఇద్దరు ముగ్గురు కుర్రవాళ్ళు ఒక అద్దెగదిలో కూర్చుని చేస్తారు. బ్యాంకు వాళ్ళకు అప్పివ్వదు. ముందే కొనేవాళ్ళు లేకపోతే ఆ దీపం వెలగనే వెలగదు. అటువంటివాళ్ళకు ఓ మూడువందలు ఇవ్వాలని మీ అబ్బాయికి అనిపిస్తే అది దుబారా కాదు. కాని దాని పేరు కొనుగోలు కాదు, చందా. రామనవమి పందిరికి చందా ఇచ్చి రసీదు పుచ్చుకుంటాం గాని, పందిరి గుంజ ఇంటికి తెచ్చుకోం. చందా ఇచ్చినవాడు తిరిగి వస్తుందని లెక్క వేసుకోకూడదు. తిరిగి వస్తుందని లెక్క వేసుకునేవాడు చందా ఇవ్వకూడదు. ఏది ఏదో ముందే చెప్పుకుంటే ఇంట్లో సగం తగాదాలు వుండవు.

గేదెను కొనవద్దని సామెత చెప్పలేదు. ఒడ్డుకు తోలి, నాలుగడుగులు నడిపించి, ఒక పూట పాలు పితికి చూడమన్నది. ఒడ్డుకు రానివ్వనని అమ్మేవాడంటే, కనబడుతున్న కొమ్ములకెంతో అంతే ఇచ్చి రమ్మన్నది.